ఈఎంఐ లెక్క ఇలా తేలింది

డిగ్రీ ఫైనాన్స్ పేపర్‌లో ఈఎంఐ లెక్కలంటే మా తమ్ముడికి టెన్షన్. మిర్యాలగూడలో చిన్నాన్న బండి కోసం తీసుకున్న లక్ష రూపాయల అప్పు కార్డు తెచ్చి నా ముందు పెట్టాడు. వడ్డీ 12 శాతం, ఏడాది గడువు, నెలకు 9,333 రూపాయలు. "అన్నా, ఫార్ములా ప్రకారం 8,885 రావాలి కదా, ఈ తేడా ఎక్కడిది?" అన్నాడు.

ఫార్ములా పక్కన పెట్టించి, నోట్‌బుక్‌లో నెలవారీ పట్టిక గీయించాను. మొదటి నెల వడ్డీ లక్ష మీద 1 శాతం, అంటే 1,000. కట్టిన 8,885లో అది పోను 7,885 అసలుకు జమ. మిగిలిన బాకీ 92,115. కాబట్టి రెండో నెల వడ్డీ 921 మాత్రమే. ఇలా దిగుతూ పోతే పన్నెండో కిస్తీతో బాకీ తీరిపోతుంది. ఫార్ములా చేసే పని ఇదే.

కార్డులో ఉన్నది ఫ్లాట్ రేటు. అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం ఏడాది పొడవునా మొత్తం లక్ష మీదే వేశారు: 12,000. అది కలిపి 12తో భాగిస్తే 9,333. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతమని మన ఊళ్లలో చదువురాని వాళ్లూ చెప్పేస్తారు. ఈ 12 శాతం దగ్గరే అందరూ బోల్తా పడతారు, నాకు బాధ అక్కడే. కిస్తీని బట్టి నిజంగా పడే వడ్డీ రేటు తేల్చే ఎక్సెల్ రేట్ ఫంక్షన్‌కు 12 నెలలు, మైనస్ 9,333 (మనం కట్టేది కాబట్టి మైనస్), లక్ష ఇచ్చి చూశాం. నెలకు సుమారు 1.79 శాతం, ఏడాదికి దాదాపు 21.5 శాతం వచ్చింది.

ప్రశ్నలో ఫ్లాట్ అని ఉందా, తగ్గే బాకీ మీద అని ఉందా చూశాకే ఇప్పుడు తమ్ముడు పెన్ను పడుతున్నాడు.