రోజర్స్–హామర్‌స్టీన్ పాటల సాయంత్రాన్ని విజయనగరం రంగస్థలం మీద ప్రదర్శించే విధానం

రిచర్డ్ రోజర్స్ సంగీతం, రెండవ ఆస్కార్ హామర్‌స్టీన్ సాహిత్యం 1943 నుంచి 1959 వరకు అమెరికా సంగీత నాటకరంగం నడకనే మార్చివేశాయి. ఈ ఇద్దరి పాటలతో ఒక సాయంత్రాన్ని మన ఊరిలో నిర్వహించాలనుకునే కళాసమితులకూ, కళాశాల బృందాలకూ ఉపయోగపడాలని ఈ వ్యాసం రాస్తున్నాను. ఒకరి తరువాత ఒకరు మైకు ముందుకు వచ్చి పాడి వెళ్ళిపోతే అది పాట కచ్చేరీ అవుతుంది. అందులో తప్పేమీ లేదు గాని, ఈ జంటకు అది తగిన గౌరవం కాదు. రోజర్స్ అంతకు ముందు లోరెంజ్ హార్ట్‌తో పనిచేసినప్పుడు సాధారణంగా బాణీ ముందు, మాట తరువాత వచ్చేవి. హామర్‌స్టీన్‌తో చేరాక ఆ వరుస తిరగబడి, సందర్భాన్ని బట్టి మాట ముందు పుట్టి, దాని వెంట బాణీ వచ్చేది. అందుచేత మన ప్రదర్శనలో కూడా మాటే ముందుండాలి. పాట వినబోయే ప్రేక్షకుడికి ఆ పాట ఎవరు, ఎవరితో, ఎందుకు పాడుతున్నారో ముందే తెలియాలి. మిగిలిన ఏర్పాట్లన్నీ దీని తరువాతవే.

ఈ పని మనకు కొత్తది కాదు. కథ చెబుతూ, అవసరమైన చోట పాటలోకి జారి, మళ్ళీ మాటలోకి రావడం ఆదిభట్ల నారాయణదాసు గారు విజయనగరానికి అలవాటు చేసిన విద్య. అందువల్ల కార్యక్రమానికి సంధానకర్తగా టీవీ యాంకర్ల ధోరణిలో మాట్లాడే వారిని కాక, హరికథలోనో నాటకంలోనో అనుభవం ఉన్న ఒక్క వ్యక్తిని ఎంచుకొని మొదటి నుంచి చివరి వరకు ఆ ఒక్కరి చేతనే చెప్పించాలి. పాటలు ఆంగ్లంలో, వ్యాఖ్యానం తెలుగులో ఉండాలని నా అభిప్రాయం. ఆ తెలుగు కూడా మన ఊరి మాట్లాడే తెలుగు కావాలి. 1892లో కన్యాశుల్కాన్ని మొదటిసారి ఆడిన ఊరిలో రంగస్థల భాష గురించి ఇంతకంటె చెప్పనవసరం లేదు.

వ్యాఖ్యానం ఎంత ఉండాలో ఒక ఉదాహరణతో చెబుతాను. 1945 నాటి 'కరౌసెల్' నాటకంలో 'ఇఫ్ ఐ లవ్డ్ యూ' అనే యుగళగీతం ఉన్నది. దాని ముందు వ్యాఖ్యాత ఇంతమాత్రం చెబితే చాలు: "ఆ పిల్ల మిల్లులో పనిచేస్తాది. ఈ కుర్రాడు రంగులరాట్నం కాడ కేకలేసి జనాన్ని పిలుస్తాడు. ఇద్దరూ కలిసింది ఈ రోజే. మనసు పడిందని ఇద్దరికీ తెలుసు, ఒప్పుకోడానికి మాత్రం ఇద్దరికీ నోరు రాదు. అందుకని, నాకు నీ మీద ప్రేమ ఉండుంటే ఎలాగుండేదో చెబుతానని మొదలెడతారు." ఇది అరనిమిషం కూడా పట్టదు. ఆంగ్లం అంతగా రానివారు కూడా ఆ తరువాత పాటలో దాచిన మాటను పట్టుకుంటారు. రచయితల జీవిత విశేషాలు, బహుమతుల జాబితా, పాట తెలుగు తాత్పర్యం అంతా ఇక్కడ చదివితే పాట చచ్చిపోతుంది. వ్యాఖ్యానం చివరి రెండు వాక్యాల కింద కీబోర్డు వాద్యకారుడు పాట ఆరంభపు రెండు ఆవర్తాలను మెల్లగా మళ్ళీ మళ్ళీ వాయిస్తూ ఉండాలి. దీనిని పాశ్చాత్య వాద్యకారులు 'వాంప్' అంటారు. వ్యాఖ్యాత చివరి మాట పడగానే గాయని అందుకోవాలి. ఈ అతుకు కనబడకుండా ఉండడానికి ప్రతి పాటకూ విడిగా సాధన చేయవలసిందే.

అన్నింటికంటె ముందు అనుమతుల సంగతి తేల్చుకోవాలి. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు హక్కులు ఉంటాయి. రోజర్స్ 1979 డిసెంబరు 30న మరణించాడు కనుక ఆయన బాణీల మీద 2039 చివరి వరకు హక్కులు నిలిచి ఉంటాయి. ఔత్సాహిక సంఘాలు రుసుము తీసుకోకుండా ఇచ్చే ప్రదర్శనలకు 52వ సెక్షన్‌లో కొంత వెసులుబాటు ఉన్న మాట నిజమే గాని, టికెట్టు పెట్టినా, వీడియో తీసి బయట పెట్టినా అది మనను కాపాడదు. కచ్చేరీగా పాటలు పాడడానికి ఒక రకం అనుమతి, వేషాలతో సంభాషణలతో నాటకంగా చూపడానికి మరొక రకం అనుమతి కావాలి. ఈ జంట నాటకాల ప్రదర్శన హక్కులను కాంకర్డ్ థియాట్రికల్స్ సంస్థ చూస్తుంది. 1993లో న్యూయార్క్ నాటకశాలల కూడలి బ్రాడ్వేలో ఆడిన 'ఎ గ్రాండ్ నైట్ ఫర్ సింగింగ్' అనే సిద్ధమైన రెవ్యూను, అంటే ఈ జంట పాటలను వరుసగా కూర్చిన ప్రదర్శనను, తీసుకొనే వీలు కూడా ఉన్నది. దానిని ఎంచుకుంటే పాటల వరుస, స్వరపత్రాలు అన్నీ చేతికి వస్తాయి, కాని అనుమతి లేనిదే మన వ్యాఖ్యానాన్ని అందులో చేర్చకూడదు. ఏ దారిలో వెళ్ళినా, ఏయే పాటలు, వ్యాఖ్యానం ఎంత, టికెట్టు ఉన్నదా లేదా, హాలులో ఎన్ని సీట్లు అన్న వివరాలతో కనీసం ఆరు నెలల ముందు హక్కుదారులకు రాయాలి.

పాటల ఎంపికలో తొంభై నిమిషాలకు పదహారు పాటలు మించకుండా చూడాలి. కాలక్రమంలో పేర్చడం సులభమే గాని, అలా పేరిస్తే మొదటి అరగంటలోనే పెద్ద పాటలన్నీ అయిపోయే ప్రమాదం ఉన్నది. సందర్భాలను బట్టి పేర్చడం మేలు: తెల్లవారడం, ప్రేమను ఒప్పుకోకపోవడం, పిల్లలకు నేర్పడం, ఒంటరితనం, ధైర్యం. పిల్లలకు నేర్పడం అన్న భాగంలో రెండు పాటలను పక్కపక్కన పెట్టండి. ఒకటి, అందరికీ తెలిసిన 'డో-రే-మి'. రెండవది, 1949 నాటి 'సౌత్ పసిఫిక్' నాటకంలోని 'యూ హావ్ గాట్ టు బి కేర్‌ఫుల్లీ టాట్'. తమ వారు కాని మనుషులను ద్వేషించడం పుట్టుకతో రాదని, చిన్ననాడే పెద్దలు నేర్పితే వస్తుందని ఆ రెండవ పాట చెబుతుంది. దానిని తొలగించమని ఒత్తిడి వచ్చినా ఇద్దరూ ఒప్పుకోలేదు. ఆ నాటకానికి 1950లో పులిట్జర్ బహుమతి వచ్చింది. కులం పేరు చెప్పి పిల్లలను వేరుగా కూర్చోబెట్టిన జ్ఞాపకం ఉన్న నేల మీద ఈ పాటకు వ్యాఖ్యానం ఒక్క వాక్యం చాలు. సయాం (నేటి థాయిలాండ్) రాజును చూపే 'ద కింగ్ అండ్ ఐ' పాటలను మాత్రం వెక్కిరింపు వేషం లేకుండా, మామూలు దుస్తులలో పాడించాలని నా గట్టి సలహా.

ఆరంభ దృశ్యాన్ని వారి దగ్గరే తీసుకోవచ్చు. 1943 మార్చి 31న న్యూయార్క్ సెయింట్ జేమ్స్ థియేటర్‌లో 'ఓక్లహోమా!' తెర లేచినప్పుడు, ఆనాటి అలవాటు ప్రకారం నర్తకుల గుంపు కనబడలేదు. వెన్న చిలుకుతున్న ఒక పెద్దావిడ మాత్రమే ఉన్నది, పాట తెర చాటు నుంచి వినబడింది. మన వేదిక మీద ఒక మూల చల్ల కుండ, కవ్వం, కవ్వపు తాడు, ఒక పెద్దావిడ ఉంటే చాలు. కుండకు దగ్గరగా పొట్టి స్టాండు మీద ఒక మైకు పెట్టి, చిలికే చప్పుడు హాలంతా వినబడనివ్వాలి. గాయకుడికి వేదిక పక్క తెరల చాటున శ్రుతి అందించి, మొదటి పాదాలు వాద్యాలు లేకుండా పాడించాలి. పాట అందుకోగానే ఆవిడ చేయి నెమ్మదించాలి, లేకపోతే చిలికే లయకూ పాట మూడు దెబ్బల నడకకూ పొత్తు కుదరదు.

ఆ మూడు దెబ్బల నడకే వాల్ట్జ్. రోజర్స్ దానిని ఎంతో ఇష్టంగా వాడాడు. మన గాయకులకు రూపక తాళపు లెక్కతో చెబితే వెంటనే పడుతుంది, కాని మొదటి దెబ్బ బరువుగా, మిగిలిన రెండూ తేలికగా ఉండాలని పదేపదే గుర్తుచేయాలి. మృదంగమో తబలానో ఉంటే ఖాళీలు నింపాలన్న ఉత్సాహాన్ని ఆపుకొమ్మని ముందే చెప్పడం మంచిది.

గాయకులను వెతకడానికి ఊరు దాటనవసరం లేదు. 1919లో మొదలైన మహారాజా వారి సంగీత కళాశాల నుంచి శ్రుతిశుద్ధి ఉన్న గొంతులు దొరుకుతాయి. చర్చి గాయక బృందాలలో సొప్రానో, ఆల్టో, టెనార్, బాస్ అనే నాలుగు గొంతుల పాట తెలిసిన వారు ఉంటారు. ఈ రెండు వర్గాలనూ ఒకచోట చేర్చితేనే కార్యక్రమం నిలబడుతుంది. 'యూ విల్ నెవర్ వాక్ అలోన్' వంటి పాటకు చర్చి బృందం వెన్నుదన్ను లేకపోతే చివరి ఎత్తు అందదు.

కర్ణాటక సంగీతం నేర్చిన వారికి మొదటి వారం ముత్తుస్వామి దీక్షితుల నోట్టుస్వరాలు పాడించండి. పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చినవి కనుక, శంకరాభరణం స్వరాలను గమకం లేకుండా నిలువుగా పట్టడం వాటితో అలవాటవుతుంది. 'డో-రే-మి' పాట నిలిచేది కూడా ఆ స్వరాల మీదే. రెండవ చిక్కు శ్రుతి మారడం. ఈ పాటలలో కొన్నింటికి మధ్యలో ఆధార స్వరమే మారిపోతుంది కనుక, తంబూర పెట్టె వేసి పాడడం కుదరదు. కీబోర్డు వాద్యకారుడిని పక్కన పెట్టుకొని, మారే చోట కొత్త షడ్జాన్ని చెవికి ఎక్కించాలి. వయొలిన్ విషయంలో కూడా ఇదే ఇబ్బంది ఉన్నది. మనవారు తీగలను షడ్జ పంచమాలకు శ్రుతి చేస్తారు, వారు ఒక్కొక్క తీగకూ ఐదు స్వరాల ఎడం పెడతారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఊరిలో వయొలిన్ లేకుండా సభ జరపమని నేను చెప్పలేను గాని, పాశ్చాత్య పద్ధతిలో శ్రుతి చేసిన మరొక వయొలిన్‌ను సిద్ధంగా ఉంచుకోవాలి. క్లారినెట్, ట్రంపెట్ వాద్యకారులను పెళ్ళి బ్యాండు మేళాలలో వెతకండి, వారికి సాధన రోజులకు కూడా డబ్బు ఇవ్వండి. రికార్డు చేసిన ట్రాకుల మీద పాడించవద్దు. గాయకుడు ఒక మాట మీద ఆగాలనుకుంటే ట్రాకు ఆగదు, ఆ ఆగడంలోనే హామర్‌స్టీన్ ఉంటాడు.

ఉచ్చారణకు విడిగా సమయం కేటాయించాలి. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది, ఆంగ్లపు మాట తరచు హల్లుతో ముగుస్తుంది. అందువల్ల 'నైట్' అన్నది దీర్ఘ స్వరం మీద 'నైటూ' అయిపోతుంది. స్వరాన్నంతా 'ఐ' మీద సాగదీసి, చివరి క్షణంలో 'ట్' అని కత్తిరించడం అందరూ కలిసి చేయాలి. మొదటి రెండు వారాలు బాణీ జోలికి పోకుండా సాహిత్యాన్ని గద్యంగా, సంభాషణగా చదివించండి. మాట నోటికి ఎక్కాక బాణీ నేర్పితే సాధన మొత్తం పది వారాలలో ముగుస్తుంది.

దుస్తులకు పొందూరు ఖాదీ కంటె మంచిది లేదు. అందరూ తెల్లని ఖాదీలో ఉండి, ప్రతి భాగానికీ ఒక రంగు కండువానో పైటనో మార్చుకుంటే కౌబాయ్ టోపీలు, నకిలీ తోలు జోళ్ళు వెతికే పని తప్పుతుంది.

వేదికకు విజయనగరంలో ఆనందగజపతి ఆడిటోరియం, శ్రీకాకుళంలో బాపూజీ కళామందిర్ ఉన్నాయి. దసరా తరువాతి మంగళవారం జరిగే పైడితల్లి సిరిమానోత్సవం రోజులలో మన ఊరిలో హాలు కోసం గాని, బస కోసం గాని ప్రయత్నించవద్దు. డిసెంబరు మొదటి సగం అనువైన కాలం. జనరేటరుకు మారే కొద్ది క్షణాలలో కీబోర్డు ఆగిపోకుండా దానికీ, సౌండు మిక్సరుకూ వేరే యూపీఎస్ పెట్టించాలి. సౌండు వారు అలవాటు మీద ఎకో పెంచుతారు. మాట స్పష్టంగా వినబడడం మనకు ముఖ్యం కనుక, దానిని పూర్తిగా తీయించి, చివరి వరుసలో ఒకరిని కూర్చోబెట్టి ప్రతి పాటలోనూ మాటలు అర్థమవుతున్నాయో లేదో అడగాలి.

ముగింపుకు 'ఎడెల్వైస్' పెట్టమంటాను. 1959 నవంబరులో మొదలైన 'ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్' కోసం హామర్‌స్టీన్ రాసిన చివరి పాట అది. ఆయన 1960 ఆగస్టు 23న మరణించాడు. పాట అయ్యాక ఈ సంగతి చెప్పి, వాద్యకారుల పేర్లను గాయకుల పేర్ల కంటె ముందు చదివించండి. కార్యక్రమాన్ని యూట్యూబులో పెట్టడానికి విడిగా రాతపూర్వక అనుమతి వచ్చే వరకు ఎవరూ వీడియో తీయకూడదని తెర లేవక ముందే ప్రకటించాలి. అద్దెకు తెచ్చిన స్వరపత్రాలను పెన్సిలు గుర్తులు చెరిపి, ఒప్పందంలో రాసిన గడువులోగా తిరిగి పంపాలి.