మెడ పట్టేయకుండా ఉండాలంటే ఏ కెమెరా స్ట్రాప్ కొనాలి?

కెమెరా డబ్బాలో వచ్చే స్ట్రాప్ చిన్న లెన్స్‌కి చాలు గానీ, 70-200 ఎఫ్2.8 లాంటి పెద్ద జూమ్ లెన్స్ తగిలిస్తే కెమెరా బాడీతో కలిపి బరువు దాదాపు 2 కిలోలు, కొన్నిటికి అంతకన్నా ఎక్కువే ఉంటుంది, అది మెడకు వేలాడేసుకుని రాత్రి ముహూర్తం పెళ్లి మొత్తం తీశానంటే తెల్లారేసరికి మెడ తిరగదు నాకు. బరువు భుజం మీద పడాలి. అందుకే జంధ్యంలా అడ్డంగా వేసుకునే స్లింగ్ స్ట్రాప్ తీసుకోండి.

భుజం మీద ఆనే చోట పట్టీ మూడు వేళ్ల వెడల్పు ఉండాలి. నియోప్రీన్ (రబ్బరు లాంటి మెత్తటి గుడ్డ) పట్టీ మెత్తగానే ఉంటుంది, కానీ సాగుతుంది, నడుస్తుంటే కెమెరా ఎగిరెగిరి తుంటికి కొట్టుకుంటుంది, పైగా మన ఎండలకి కింద చెమట పట్టేస్తుంది.

షాపులోనే మీ కెమెరా, మీ బరువైన లెన్స్ తగిలించి పది నిమిషాలు నడవండి. ఒంటిచేత్తో కంటి దాకా ఎత్తినప్పుడు కెమెరా పట్టీ మీద జారుతూ రావాలి, పట్టీతో పాటు చొక్కా కాలర్ కూడా లాక్కుని వస్తే అది వద్దు.

కెమెరా అడుగున ఉండే ట్రైపాడ్ స్క్రూ రంధ్రంలో బిగించే రకమైతే రబ్బరు వాషర్ ఉందో లేదో చూడండి, నడకకి స్క్రూ వదులవుతుంది కాబట్టి మధ్యమధ్యలో వేలితో తిప్పి చూసుకోండి, బాడీ కొక్కేనికి ఒక సేఫ్టీ తాడు కూడా కట్టండి. పెద్ద లెన్స్‌కి కాలర్ (ట్రైపాడ్‌కి బిగించడానికి లెన్స్ చుట్టూ ఉండే రింగు) ఉంటే స్ట్రాప్ దానికే తగిలించండి, మౌంట్ మీద, అంటే లెన్స్ కెమెరాకి తగిలే చోట, లెన్స్ భారం పడదు.