పార్సిల్ ఎక్కడ ఆగింది? ఎవరిని, ఎప్పుడు, ఏమని అడగాలి

రోజుకు పదిసార్లు ట్రాకింగ్ పేజీ తెరిచినా పార్సిల్ అంగుళం కదలదు. ఆ పేజీలో కనబడేది చివరి స్కాన్ మాత్రమే. అది పడ్డాక పార్సిల్ వెయ్యి కిలోమీటర్లు వెళ్లి ఉండొచ్చు, అదే గదిలో ఓ మూల పడి ఉండొచ్చు. ఈ రెండింట్లో ఏది జరిగిందో పసిగట్టడం తెలిస్తే ఎప్పుడు ఊరుకోవాలో, ఎప్పుడు గట్టిగా అడగాలో తెలుస్తుంది.

టపాలో పార్సిళ్లు ఒక్కొక్కటిగా ప్రయాణించవు. ఒకే దిక్కుకు వెళ్లేవాటిని సంచిలో వేసి, సీలు వేసి, సంచికి వేరే లేబుల్ కడతారు. అక్కడి నుంచి లారీ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ స్కాన్ అయ్యేది ఆ సంచి లేబులే. సంచి విప్పేదాకా లోపలి పార్సిల్ గురించి కొత్త కబురు రాదు. విదేశాలకు వెళ్లేదైతే విమానంలో చోటు దొరికేదాకా సంచి అలాగే ఆగుతుంది. దిగాక కూడా విప్పేవాళ్లు వచ్చేదాకా వరసలో ఉంటుంది. "దేశం నుంచి బయలుదేరింది" అన్న స్కాన్ తర్వాత రెండు వారాలు ఏమీ కనబడకపోయినా పోయిందనుకోనక్కర్లేదు. సముద్ర మార్గంలో పంపిస్తే నెలలే పడుతుంది.

ముందు నంబర్ సరిచూడండి

"ఈ నంబర్‌తో సమాచారం లేదు" అని వస్తే ఒక్కోసారి తప్పు నంబర్‌లోనే ఉంటుంది. అంతర్జాతీయ టపా నంబర్‌కు ఎస్10 అనే ప్రమాణం ఉంది. మొత్తం 13 అక్షరాలు: రెండు ఇంగ్లిషు అక్షరాలు, 8 అంకెలు, ఒక తనిఖీ అంకె, చివర పంపిన దేశాన్ని తెలిపే రెండక్షరాలు. మొదటి అక్షరం ఏ సేవో చెబుతుంది. 'ఇ' అయితే స్పీడ్ పోస్ట్ తరహా ఈఎంఎస్, 'సి' అయితే పార్సిల్, 'ఆర్' అయితే రిజిస్టర్డ్, 'వి' అయితే బీమా చేసినది, 'ఎల్' అయితే ట్రాకింగ్ ఉన్న చిన్న ప్యాకెట్. 'యు' తో మొదలైతే అది ట్రాకింగ్ లేని టపా. ఆ బార్‌కోడ్ కస్టమ్స్ వివరాల కోసం మాత్రమే. కాబట్టి దారిలో స్కాన్లు రావాలని ఆశించకండి.

తనిఖీ అంకెను కాగితం మీదే లెక్క కట్టొచ్చు. 8 అంకెలను వరసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7 తో గుణించి కూడండి. మొత్తాన్ని 11 తో భాగించి, శేషాన్ని 11 లోంచి తీసేయండి. 10 వస్తే 0 గా, 11 వస్తే 5 గా తీసుకోవాలి. ఉదాహరణకు 47312482: 32+42+12+2+6+20+72+14 = 200. 11 తో భాగిస్తే శేషం 2, కాబట్టి తనిఖీ అంకె 9. మీ నంబర్‌లో ఈ లెక్క కుదరకపోతే ఎక్కడో అంకె తప్పు పడింది. 1 కి 7, 0 కి 6 రాసెయ్యడం మామూలే. రసీదు ఫొటో అడిగి తెప్పించుకోండి.

ఏ మాటకు ఏం అర్థం

"వివరాలు అందాయి", "లేబుల్ తయారైంది" అంటే పార్సిల్ ఇంకా టపా చేతికి రాలేదు. అమ్మినవాళ్లు కంప్యూటర్‌లో లేబుల్ తీశారు, అంతే. నాలుగైదు రోజులు అదే మాట ఉంటే టపావాళ్లను తిట్టి లాభం లేదు. అమ్మినవాళ్లనే అడిగి, అప్పగించిన రసీదు చూపించమనండి.

ఒకే రెండు కేంద్రాల పేర్లు మార్చి మార్చి వస్తుంటే అది ఆలస్యం కాదు, యంత్రం చేసే తప్పు. సార్టింగ్ యంత్రం పోస్టల్ కోడ్‌నో బార్‌కోడ్‌నో చదివి దారి నిర్ణయిస్తుంది. అది తప్పుగా చదివినా, కోడే తప్పు రాసినా ప్రతిసారీ అదే తప్పు దారిలో పంపుతుంది, అవతలివాళ్లు వెనక్కి పంపుతారు. దానంతటది ఆగదు. రెండోసారి తిరిగొచ్చిందని కనబడగానే ఫిర్యాదు చేసి, పార్సిల్‌ను చేత్తో పక్కకు తీసి కొత్త లేబుల్ వేయమని కోరండి.

"కస్టమ్స్‌లో ఉంది" అంటే చాలాసార్లు కాగితాల లోపమే. 'బహుమతి', 'శాంపిల్', 'విడిభాగాలు' లాంటి మాటలతో అధికారికి ఏమీ తెలియదు. "నూలు చొక్కాలు, 2, ఒక్కోటి 250 గ్రాములు" అని రాస్తే తెలుస్తుంది. విలువ 300 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి వాడే లెక్క ప్రమాణం) దాకా ఉన్న చిన్న ప్యాకెట్లకు సీఎన్22 అనే కస్టమ్స్ ఫారం, అది దాటితే సీఎన్23. వస్తువు వర్గాన్ని తెలిపే హెచ్‌ఎస్ కోడ్‌లో మొదటి 6 అంకెలు ప్రపంచమంతా ఒకటే, రాయగలిగితే రాయండి. సరుకుల వివరాలను ముందుగానే ఎలక్ట్రానిక్‌గా పంపడాన్ని అంతర్జాతీయ తపాలా సంఘం 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి చేసింది. చేత్తో గీకిన ఫారం చదవలేక క్లర్కు తప్పుగా ఎక్కిస్తే ఆ తప్పే పార్సిల్ కంటే ముందు వెళ్లిపోతుంది. పవర్ బ్యాంకు, విడి లిథియం బ్యాటరీ, సెంటు సీసా అయితే మాటే లేదు, విమాన టపాలో ఆపేస్తారు.

"వెళ్లాం, ఎవరూ లేరు" అని కనబడి మీరు ఇంట్లోనే ఉంటే ఆ రోజే బట్వాడా చేసే పోస్టాఫీసుకు వెళ్లండి. పార్సిల్ అక్కడే ఉంటుంది. కొన్ని రోజులే ఉంచి, ఆ తర్వాత పంపినవాళ్లకు తిప్పి పంపేస్తారు. ఇదే సాకుతో "చిరునామా సరిచేయడానికి చిన్న రుసుము కట్టండి" అంటూ లింకు వచ్చిందంటే అది దాదాపు ఎప్పుడూ మోసమే. నంబర్‌ను టపా సంస్థ అధికారిక సైటులో మీరే టైపు చేసి చూసుకోండి.

ఇక అన్నిటికన్నా చిరాకు తెప్పించేది: "బట్వాడా అయింది" అని ఉంటుంది, చేతిలో మాత్రం ఏమీ ఉండదు. ముందు ఇంట్లోవాళ్లను, పక్కింటివాళ్లను, వాచ్‌మన్‌ను అడగండి. కొన్నిచోట్ల పని ముగించేముందు బండిలో మిగిలినవాటికి కూడా స్కాన్ కొట్టేసి మర్నాడు తెచ్చిస్తారు. అందుకని ఒక్క పనిదినం ఆగొచ్చు, అంతకు మించొద్దు. తర్వాత బట్వాడా రుజువు అడగండి: ఎవరు సంతకం చేశారు, ఎన్ని గంటలకు, స్కాన్ ఎక్కడ పడింది. ఆలస్యమైతే బట్వాడా చేసిన మనిషికే గుర్తుండదు.

ఫిర్యాదు ఎవరు చేయాలి

టపా సంస్థతో ఒప్పందం పంపినవాళ్లది. అందుకే అందుకోవాల్సినవాళ్లు ఎంత మొత్తుకున్నా "పంపినవాళ్లను అడగమనండి" అంటారు. విదేశీ టపాలో పంపినవాళ్లు తమ దేశపు టపా సంస్థలో విచారణ పెడితే, అది సీఎన్08 అనే విచారణ ఫారం రూపంలో అవతలి దేశానికి వెళ్తుంది. పోస్టు చేసిన మర్నాటి నుంచి 6 నెలలలోపు పెట్టాలి. ట్రాకింగ్ లేని మామూలు టపాకు పరిహారం ఆశించకండి.

"నా పార్సిల్ రాలేదు, దయచేసి చూడండి" అని రాస్తే "విచారణలో ఉంది" అనే జవాబే వస్తుంది. ఇలా రాయండి:

"పై నంబర్ గల పార్సిల్‌ను ఫలానా తేదీన ఫలానా పోస్టాఫీసులో అందజేశాను. ఫలానా కేంద్రంలో ఫలానా తేదీన చివరి స్కాన్ పడింది. గోధుమరంగు అట్టపెట్టె, 30×20×15 సెం.మీ., రసీదు ప్రకారం బరువు 1,240 గ్రాములు. లోపల నీలిరంగు ఉన్ని శాలువా ఒకటి, చెక్క ఫొటో ఫ్రేము ఒకటి. ఆ కేంద్రంలో సంచి విప్పిన రికార్డును, లేబుల్ ఊడిపోయిన పార్సిళ్లను వెతికించి ఫలితాన్ని రాతపూర్వకంగా తెలపగలరు."

రంగు, కొలతలు, లోపలి వస్తువులు ఎందుకంటే, లేబుల్ ఊడిన పెట్టెను నంబర్‌తో వెతకలేరు. ఫిర్యాదు నంబర్ తీసుకోండి. ఫోనులో చెప్పిన ప్రతి మాటకూ తేదీ రాసి పెట్టుకోండి.

ఆన్‌లైన్‌లో కొన్నదైతే దారి వేరు. మీరు టపావాళ్లతో పోట్లాడాల్సిన పని లేదు, సరుకు మీ చేతికి చేర్చే బాధ్యత అమ్మినవాళ్లది. "ఇంకో పది రోజులు ఆగండి" అని తీయగా చెబుతూనే ఉంటారు, ఈలోగా డబ్బు వాపసు అడిగే గడువు ముగుస్తుంది. ఆ గడువు తేదీని ఆర్డరు పెట్టిన రోజే రాసుకుని, దానికి వారం ముందే వివాదం నమోదు చేయండి. తర్వాత పార్సిల్ వస్తే రద్దు చేసుకోవచ్చు.

మీరు పంపుతుంటే

వస్తువుకు ఆరు వైపులా కనీసం 5 సెం.మీ. మెత్త ఉండాలి. పెట్టెను ఊపితే లోపల కదలకూడదు. ఖాళీ ఉన్న పెట్టె మీద మరో 20 కిలోలు పడితే మూలలు నలుగుతాయి, టేపు విడుతుంది. టేపును మధ్య అతుకు మీద, రెండు అంచుల మీద కలిపి ఇంగ్లిషు 'హెచ్' ఆకారంలో వేయండి. సన్న సెల్లోటేపు కాదు, 48 మి.మీ. ప్యాకింగ్ టేపు. పురికొస కట్టొద్దు, అది యంత్రంలో చిక్కుకుంటుంది.

లేబుల్‌ను అన్నిటికన్నా పెద్ద ముఖం మీద బల్లపరుపుగా అంటించండి. బార్‌కోడ్ మడత మీదికో అతుకు మీదికో రాకూడదు. దాని మీద మెరిసే టేపు వేస్తే వెలుతురు తిరగ్గొట్టి స్కానర్ చదవదు. పాత పెట్టె వాడితే పాత బార్‌కోడ్‌లన్నీ చింపేయండి లేదా నల్లగా కొట్టేయండి. ఒక్కటి మిగిలినా యంత్రం దాన్నే పట్టుకోవచ్చు. ఇద్దరి చిరునామాలు, ఫోన్ నంబర్లు రాసిన కాగితం ఒకటి పెట్టె లోపల కూడా వేయండి. బయటి లేబుల్ పోయాక పెట్టె విప్పి చూసేవాళ్లకు దొరికే ఆధారం అదొక్కటే.

రసీదు మీద బరువు గ్రాముల్లో పడిందో లేదో కౌంటర్ వదిలేముందు చూసుకోండి. 1,240 గ్రాములుగా వెళ్లింది 800 గ్రాములుగా చేరితే మధ్యలో ఎవరో విప్పారనడానికి అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. తీసుకునేవాళ్లకు కూడా చెప్పండి: పెట్టె నలిగినా, టేపు మారినట్టున్నా సంతకం పెట్టకముందే తూకం వేయించి, పరిస్థితి రాయించుకోవాలి. అట్టపెట్టెతో సహా ప్యాకింగ్ అంతా విచారణ ముగిసేదాకా పారేయకూడదు. పెట్టె లేదంటే నష్టం దారిలోనే జరిగిందని నిరూపించడం కష్టం.

పరిహారం చేతికొచ్చాక కూడా ఒక్కోసారి పార్సిల్ దొరుకుతుంది. అప్పుడు పరిహారం తిరిగిచ్చి వస్తువు తీసుకుంటారా అని పంపినవాళ్లకు ఉత్తరం వస్తుంది. దానికి గడువు ఉంటుంది, ఇచ్చిన చిరునామా మారి ఉంటే ముందే తెలపండి.