చుక్క పడేచోటు వేరు, కారేచోటు వేరు: పాత కారులో కూలెంట్ లీకేజీ పట్టుకుని బాగుచేయడం

పొద్దున్నే బోనెట్ ఎత్తి, రేడియేటర్‌లో అర లీటరు నీళ్లు పోసి, ఆ తర్వాతే బండి తీసేవాళ్లు మన దగ్గర చాలామంది. "పాత బండి కదా, నీళ్లు తాగుతుంది" అంటారు. ఏ బండీ నీళ్లు తాగదు. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంట్ పెట్రోలులాగా వాడకంలో అయిపోయేది కాదు, మూసి ఉన్న దారిలో తిరుగుతూనే ఉంటుంది. లెవల్ తగ్గుతోందంటే ఎక్కడో బయటికి కారుతోంది, లేదంటే ఇంజన్ లోపలికి పోతోంది. అదెక్కడో తేల్చుకోకుండా పోస్తూ కూర్చుంటే, చిన్న క్లిప్పుతో తీరిపోయే పని ఇంజన్ పైభాగమైన హెడ్ విప్పే దాకా వస్తుంది.

ఇక్కడ చెప్పేవి మారుతి 800, జెన్, పాత ఆల్టో, శాంత్రో లాంటి పదిహేను ఇరవై ఏళ్ల చిన్న పెట్రోల్ కార్లను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నవి. డీజిల్ బళ్లకూ చాలావరకు ఇదే పద్ధతి.

వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీయకండి. మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. సిస్టమ్‌లో అన్ని బార్‌ల ప్రెషర్ నిలబెట్టడం దాని పని. 0.9 బార్ ప్రెషర్ ఉంటే నీళ్లు 100 డిగ్రీలకు బదులు సుమారు 118 డిగ్రీల దాకా మరగకుండా ఆగుతాయి. మూత తిప్పగానే ఆ ప్రెషర్ పోతుంది, లోపలిదంతా ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి చిమ్ముతుంది. రేడియేటర్ పై పైపును చేత్తో పట్టుకుంటే చల్లగా, నొక్కితే మెత్తగా ఉండాలి. అప్పుడు కూడా మూత మీద గుడ్డ వేసి, మొదటి మెట్టు దాకా తిప్పి, ఆగి, ఆ తర్వాతే పూర్తిగా తీయండి.

ముందు లెక్క, తర్వాత వెతుకులాట

ఏదీ విప్పకముందు ఒక వారం లెక్క చూడండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ నిండా పోసి, రిజర్వాయర్ బాటిల్ మీద మార్కర్‌తో గీత గీయండి. రోజూ పొద్దున అదే చోట, అదే వాలులో ఆపిన బండిలో లెవల్ చూడండి. నెలకు ఒక గ్లాసు తగ్గితే క్లిప్పు దగ్గరో మూత దగ్గరో చెమర్చే రకం. వారానికి లీటరు పోతే పైపు, రేడియేటర్, లేదా కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపు. కింద చుక్క పడకుండా అంత పోతుంటే అనుమానం ఇంజన్ లోపలికి మళ్లాలి.

రాత్రి బండి కింద పెద్ద అట్టముక్క పరిచి, ముందు చక్రాలు ఎక్కడున్నాయో దాని మీద గుర్తు పెట్టండి. పొద్దున మరక రంగు చూడండి. కూలెంటైతే ఆకుపచ్చ, గులాబీ, నీలం, ఏది పోస్తే ఆ రంగు. వేళ్ల మధ్య రుద్దితే జారుడుగా ఉంటుంది, తియ్యటి వాసన వస్తుంది. రుచి మాత్రం చూడొద్దు, కూలెంట్‌లో ఉండే ఎథిలీన్ గ్లైకాల్ విషం. ఏసీ వేసి వచ్చిన బండి కింద, ముందు ఎడమ సీటు వైపు, రంగు వాసన లేని నీళ్లు పడితే అవి ఏసీ నీళ్లు. వాటిని చూసి రేడియేటర్ విప్పించుకోకండి.

చుక్క పడిన చోటుకు నేరుగా పైన లీకేజీ ఉంటుందనుకోవడం అన్నింటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. పైపు చివర కారిన కూలెంట్ పైపు వెంట జారి, బ్రాకెట్ మీదికి దిగి, ఇంజన్ కింది అంచు దాకా వచ్చి అక్కడ చుక్క కడుతుంది. బండి నడుస్తుంటే గాలికి వెనక్కి కొట్టుకుపోతుంది. అందుకని తడిసిన చోట్లలో అన్నింటికన్నా పైనా, ముందూ ఉన్నదేదో వెతకాలి. ఆరిపోయిన కూలెంట్ ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి లేదా పచ్చటి పొర వదులుతుంది. టార్చి, చిన్న అద్దం పట్టుకుని ఆ పొర వెంట కింది నుంచి పైకి వెళ్లండి. ఇంజన్ అంతా గ్రీజు, దుమ్ముతో నిండి ఉంటే ముందు కడిగి ఆరబెట్టండి. మురికి మీద లీకేజీ కనపడదు.

ప్రెషర్ పెట్టి చూడటం

కంటికి చిక్కకపోతే ప్రెషర్ టెస్టర్ కావాలి. చేతిపంపూ గేజూ ఉన్న ఈ పనిముట్టు రేడియేటర్ షాపుల్లో, కాస్త పెద్ద గ్యారేజీల్లో ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉండగా మూత తీసి, ఆ చోట టెస్టర్ బిగించి, మూత మీద రాసి ఉన్న అంకె దాకా మాత్రమే పంపు కొట్టాలి. అంతకు మించితే బాగున్న పాత ప్లాస్టిక్ ట్యాంకు కూడా పగులుతుంది. పదిహేను నిమిషాలు ఆగండి. ముల్లు కదలకపోతే ఇంజన్ వేడెక్కించి, చల్లారనిచ్చి, మళ్లీ చూడండి. కొన్ని లీకేజీలు చల్లగా ఉన్నప్పుడే కారతాయి: రాత్రి చలికి గట్టిపడిన రబ్బరు ముడుచుకుంటుంది, వేడికి మళ్లీ సాగి మూసుకుంటుంది. ఇంకొన్ని వేడిమీద, ప్రెషర్‌తోనే తెరుచుకుంటాయి.

ముల్లు దిగుతోంది, బయట మాత్రం ఎక్కడా తడి లేదు అంటే రెండు చోట్లు చూడాలి. ఒకటి డాష్‌బోర్డు కింది కార్పెట్. అది తడిగా, జిడ్డుగా ఉండి, లోపల అద్దం మీద జిడ్డు మసక పడుతుంటే హీటర్ కోర్ (డాష్‌బోర్డు వెనక ఉండే హీటర్ తాలూకు చిన్న రేడియేటర్) కారుతోంది. రెండోది సిలిండర్. ప్రెషర్ అలాగే ఉంచి, స్పార్క్ ప్లగ్గులు తీసి, ఇగ్నిషన్ కాయిల్ కనెక్షన్ ఊడదీసి, అరగంట తర్వాత సెల్ఫ్ కొట్టండి. ఏదైనా ప్లగ్గు రంధ్రంలోంచి తుంపర చిమ్మితే హెడ్‌కూ ఇంజన్ బ్లాక్‌కూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయింది, లేదా హెడ్ పగిలింది.

ఎక్కడెక్కడ కారుతుంది

మూతతో మొదలుపెట్టండి, అది అన్నింటికన్నా చవకైన సామాను. మూతలో రెండు వాల్వులుంటాయి. పెద్ద స్ప్రింగు ఉన్నది ప్రెషర్ దాటితే కూలెంట్‌ను రిజర్వాయర్‌లోకి వదులుతుంది. అడుగున మధ్యలో ఉండే బిళ్ల, ఇంజన్ చల్లారినప్పుడు దాన్ని వెనక్కి రానిస్తుంది. గోటితో ఆ బిళ్లను లాగి వదిలితే టక్కున వెనక్కి పడాలి. అది పట్టేస్తే పొద్దున్నకు పై పైపు పీల్చుకుపోయి చదునుగా అతుక్కుని ఉంటుంది, రేడియేటర్ ఖాళీగా, రిజర్వాయర్ నిండుగా కనిపిస్తాయి. మూత రబ్బరు గట్టిపడినా, పగుళ్లిచ్చినా మార్చేయండి. కొత్తది కొనేటప్పుడు అదే అంకె ఉన్నది తీసుకోండి. లీకేజీ ఆగుతుందని తక్కువ అంకె మూత వేస్తే ఇంజన్ త్వరగా మరుగుతుంది. ఎక్కువ అంకెది వేస్తే పాత పైపులు చిట్లుతాయి.

పైపుల దగ్గర చేతికి పని చెప్పండి. మధ్యలో నొక్కడం కాదు, చివర్లలో, క్లిప్పు పక్కన నొక్కండి. రబ్బరు లోపలి నుంచే చెడుతుంది. పైకి నల్లగా నిగనిగలాడుతూ ఉన్నా లోపల చీలి ఉండొచ్చు, నొక్కితే కరకరమంటుంది. ఆయిల్ తగిలిన పైపు ఉబ్బి మెత్తబడుతుంది. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు), వాటర్ పంపుల మధ్య వేలెడంత బైపాస్ పైపు చాలా బళ్లలో ఉంటుంది, దాన్ని అందరూ మరిచిపోతారు. పెద్ద పైపులు రెండూ మార్చినా లీకేజీ ఆగలేదంటే ముందు దాన్నే చూడండి.

రేడియేటర్‌లో పైనా కిందా, లేదా రెండు పక్కలా, ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియం కోర్‌కు మడత వేసి బిగించి ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసుబారి, మడత దగ్గరా పైపు మెడ దగ్గరా వెంట్రుకంత చీలిక ఇస్తుంది. ప్రెషర్ మీద తప్ప అది కనపడదు.

వాటర్ పంపుకు మాత్రం కాస్త సమయం ఇవ్వండి. పంపు బాడీ అడుగున, పుల్లీ వెనకాల, పెన్సిల్ మొన దూరేంత రంధ్రం ఉంటుంది. లోపలి సీలు దాటిన నీరు బేరింగ్‌లోకి పోకుండా బయటికి వదలడానికి దాన్ని కావాలనే పెట్టారు. అద్దం పెట్టి చూడండి. ఆరిన సన్నటి మరక ఒక్కటే ఉంటే కొన్నాళ్లు గమనించవచ్చు. తడి చుక్క వేలాడుతుంటే సీలు పోయింది, పంపు మార్చాల్సిందే. ఆ రంధ్రాన్ని ఎమ్‌సీల్ అనే గట్టిపడే ముద్దతో మూసే మెకానిక్కులున్నారు. మూస్తే నీరు బేరింగ్‌లోకి చేరి దాన్ని తినేస్తుంది, పంపు నడిరోడ్డు మీద పట్టేస్తుంది. బెల్ట్ తీసి పుల్లీని పైకీ కిందికీ ఊపండి, ఏమాత్రం లూజు ఉన్నా పంపు పని అయిపోయినట్టే. టైమింగ్ బెల్ట్‌తో తిరిగే పంపు అయితే రెండూ ఒకేసారి మార్చండి, విప్పే కూలి ఒక్కసారే కదా.

ఇక థర్మోస్టాట్ హౌసింగ్ గ్యాస్కెట్, డ్రెయిన్ ప్లగ్గు, ఇంజన్ బ్లాక్ పక్కన గుండ్రంగా కనిపించే వెల్ష్ ప్లగ్గులు. ఏళ్లపాటు ఉత్త నీళ్లతో నడిపిన బళ్లలో ఈ ప్లగ్గులు తుప్పుపట్టి చిల్లులు పడతాయి.

బాగుచేయడం

పైపు మార్చేటప్పుడు ముందు కూలెంట్‌ను బకెట్‌లోకి వదిలి, ఎన్ని లీటర్లు వచ్చిందో కొలిచి రాసుకోండి. ఆ అంకె తర్వాత కావాలి. పాత పైపు అతుక్కుపోయి ఉంటే స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించకండి, ప్లాస్టిక్ మెడ విరిగితే రేడియేటరే కొనాలి. బ్లేడుతో పైపును పొడవునా కోసి, అరటిపండు తొక్కలా ఒలిచేయండి. మెడ మీది తెల్ల పొరను 400 నంబర్ ఎమరీ పేపర్‌తో తేలిగ్గా రుద్ది తుడవండి. కొత్త పైపు ఎక్కడానికి కూలెంటే రాయండి, గ్రీజు రబ్బరును పాడుచేస్తుంది. మెడ చివర ఉబ్బుగా ఒక అంచు ఉంటుంది; క్లిప్పు ఆ అంచు దాటిన తర్వాత, పైపు కొసకు 3 నుంచి 5 మి.మీ. ఇవతల పడాలి. అంచు మీదే బిగిస్తే వేడికి జారి ఊడుతుంది. స్క్రూ క్లిప్పును రబ్బరు పైకి ఉబికేంత బిగిస్తే దాన్ని కోసేస్తుంది. ఇంజన్ ఒకసారి వేడెక్కి చల్లారాక అర చుట్టు బిగిస్తే చాలు.

వాటర్ పంపు, థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర పాత గ్యాస్కెట్ ముక్కలు గీకేటప్పుడు అల్యూమినియం మీద గాట్లు పడనివ్వకండి. ప్రతి గాటూ రేపటి లీకేజీ. పేపర్ గ్యాస్కెట్‌కు సీలెంట్ పలచగా పూస్తే సరిపోతుంది. ఎక్కువ పూస్తే బయటికి కనిపించినంతే లోపలికీ ఉబికి, ముక్కలుగా ఊడి, రేడియేటర్ ట్యూబుల్లో ఇరుక్కుంటుంది. 10 నంబర్ స్పానర్ పట్టే 6 మి.మీ. బోల్టులకు 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ రండి.

పాత రాగి, ఇత్తడి రేడియేటర్‌కు చిల్లి పడితే సోల్డరింగ్ బాగా నిలుస్తుంది. ప్లాస్టిక్ ట్యాంకు పగిలితే మార్చడమే మంచిది. ఎమ్‌సీల్ వేడికీ ప్రెషర్‌కూ ఎక్కువ కాలం ఆగదు. రేడియేటర్‌లో పసుపు వేయడం లారీవాళ్ల పాత అలవాటు. సన్న చిల్లిని అది కాసేపు మూస్తుంది, నిజమే. ఊరు చేరడానికి పనికొస్తుంది. కానీ చిల్లి దగ్గరే ఆగిపోవాలని పసుపుకు తెలియదు, సన్న ట్యూబుల్లోనూ హీటర్ కోర్‌లోనూ కూడా పేరుకుంటుంది. లీకేజీ మూయడానికి పోసే స్టాప్ లీక్ డబ్బాలదీ అదే దారి. వేస్తే ఇల్లు చేరగానే ఫ్లష్ చేయించండి, అంటే లోపలంతా నీళ్లతో కడిగించండి.

హెడ్ గ్యాస్కెట్ గుర్తులు వేరు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై పైపు రాయిలా గట్టిపడుతుంది. ఇంజన్ చల్లగా ఉండగానే మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా వస్తాయి. సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్ల పొగ, డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన కాఫీ రంగు. ఆయిల్‌లో నీళ్లు కలిసినట్టు తెలిస్తే ఆ బండి ఇక స్టార్ట్ చేయకండి, బేరింగులు పోతాయి. హెడ్ విప్పాక స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్ పెట్టి చూడాలి. చిన్న ఇంజన్లలో సాధారణంగా 0.05 మి.మీ. దాటి వంగితే లేత్ షాపులో ఫేసింగ్ చేయించి, అంటే చెక్కించి చదును చేయించక తప్పదు. వంకర హెడ్ మీద కొత్త గ్యాస్కెట్ వేయడం డబ్బు పారబోయడమే.

తిరిగి నింపడం

చాలా కార్లలో ఎయిర్ లాక్, అంటే లోపల గాలి ఇరుక్కుని కూలెంట్ తిరగకపోవడం, ఇక్కడే పడుతుంది. గాఢ కూలెంట్ అయితే సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. రెడీమిక్స్ అయితే నీళ్లు కలపొద్దు. మన దగ్గర నీళ్లు గడ్డకట్టే చలి లేదు కదా, కూలెంట్ ఎందుకు అని అడుగుతారు. తుప్పు ఆపడానికి, మరిగే వేడిమిని పెంచడానికి. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున పేరుకునే తెల్ల పొరే రేడియేటర్ ట్యూబుల్లోనూ పేరుకుంటుంది. రంగు మారుస్తుంటే పాతదంతా ఫ్లష్ చేశాకే కొత్తది పోయండి.

బండి ముక్కు ఎత్తుగా ఉండేలా వాలులో ఆపి, హీటర్ ఉంటే పూర్తి వేడి మీద పెట్టి, మెల్లగా నింపండి. ఎయిర్ బ్లీడ్ స్క్రూ ఉంటే వదులు చేసి, బుడగల్లేని ధార వచ్చాక బిగించండి. మూత రేడియేటర్ మీదే ఉండే బళ్లలో దాన్ని తీసి ఉంచి ఇంజన్ ఐడ్లింగ్‌లో వదలండి, పై పైపును అప్పుడప్పుడు పిసకండి. థర్మోస్టాట్ తెరుచుకోగానే పైపు వేడెక్కి లెవల్ దిగుతుంది, అప్పుడు మళ్లీ నింపి మూత బిగించండి. రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగాలి. దించినప్పుడు నాలుగు లీటర్లు వచ్చి, ఇప్పుడు మూడే పట్టాయంటే మిగతా లీటరు చోటులో గాలి ఉంది. ఆ స్థితిలో బండి రోడ్డెక్కితే హెడ్ మళ్లీ వేడెక్కుతుంది.

టెంపరేచర్ ముల్లును గుడ్డిగా నమ్మకండి. సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది, కూలెంట్ మొత్తం పోతే ముల్లు ఒక్కసారిగా కిందికి పడిపోవచ్చు. దారిలో అలా జరిగినా, ముల్లు ఎర్రగీత దాటినా, ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా వేసి, పక్కకు తీసి ఇంజన్ ఆపండి. ముప్పావుగంట ఆగకుండా చన్నీళ్లు పోయొద్దు, వేడి హెడ్ పగులుతుంది. చిట్లిన పైపును తుడిచి, పాత సైకిల్ ట్యూబ్ ముక్కను సాగదీస్తూ గట్టిగా చుట్టి, మూత మొదటి మెట్టు దగ్గరే ఉంచితే ప్రెషర్ పెరగదు. దగ్గర్లోని గ్యారేజీ దాకా నెమ్మదిగా చేరవచ్చు.

పని పూర్తయిన మర్నాటి పొద్దున, ఇంజన్ చల్లగా ఉండగా, మొదట గీసిన గీత దగ్గర లెవల్ చూడండి. మొదటి రోజు కాస్త తగ్గడం సహజం, మిగిలిన గాలి బయటికి వస్తుంది. మూడో రోజు నుంచి గీత కదలకూడదు. దించిన పాత కూలెంట్‌ను మూత ఉన్న డబ్బాలో పోసి గ్యారేజీలో ఇవ్వండి. తియ్యగా ఉంటుంది కాబట్టి బకెట్ బయట వదిలేస్తే వీధికుక్కలు తాగి చచ్చిపోతాయి.