వీధి గోడపై అందరి చేతి బొమ్మ

అనంతపురంలో వీధి గోడపై వాడవారంతా కలిసి బొమ్మ వేయదలిస్తే, ముందు గోడ యజమాని నుంచి లిఖితపూర్వక అనుమతి తీసుకోవాలి. లేపాక్షి పైకప్పు చిత్రాలలోని చీర అంచుల వంటి నమూనా కొత్తవారి చేతికి సులువుగా లొంగుతుంది. ముఖాలు మాత్రం చేయి తిరిగినవారికే వదలడం మేలు. పెచ్చులు గీకి, ప్రైమరు (రంగు పట్టడానికి ముందు వేసే పూత) పూసి ఆరనిచ్చాక, నీలిపొడి అద్దిన నూలుదారాన్ని ఇద్దరు బిగించి పట్టుకోగా మూడోవారు మధ్యలో లాగి వదిలితే తిన్నని గీత పడుతుంది. అలా అడుగుకొకటి చొప్పున నిలువుగా, అడ్డంగా గళ్లు కొట్టి, నమూనా కాగితంపైనా అన్నే గళ్లు గీసి, ఏ భాగానికి ఏ రంగో గోడమీదే అంకె వేయాలి. పిల్లలకు కింది వరుసలు ఇవ్వాలి; వాళ్లు చొక్కాలకూ రంగు పూసుకోక మానరు. ఎండకు వేడెక్కిన గోడపై రంగు చారలుగా ఆరిపోతుంది కనుక, వేసవిలో ఉదయం 9 గంటలకే కుంచెలు కడిగేయాలి.