భుజం దగ్గర హ్యూమరస్ ఫ్రాక్చర్: క్లెయిమ్ ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేయాలి

అమెరికా ఆరోగ్య బీమా క్లెయిముల్లో హ్యూమరస్ (పై చేతి ఎముక) పైకొన ఫ్రాక్చర్లకు ఐసీడీ-10-సీఎం అనే జబ్బుల కోడ్ల జాబితాలో ఎస్42.2 సిరీస్ వాడతారు. కోడ్‌లో ఏడు అక్షరాలుంటాయి. ఐదోది విరిగిన చోటు లేదా రకం, ఆరోది కుడి ఎడమ (కొన్నిచోట్ల ఎముక జరిగిందో లేదో కూడా), ఏడోది చికిత్స దశ చెబుతాయి. డినయల్స్ (క్లెయిమ్ తిరస్కరణలు)లో చాలావాటికి మూలం డాక్టర్ నోట్‌లో రాయకుండా వదిలేసిన ఒక్క మాటే. ఆ ఖాళీని కోడర్ (నోట్ చదివి కోడ్లు వేసే వ్యక్తి) ఊహతో నింపితే తప్పు ఇంకా పెద్దదవుతుంది.

సమస్య: కోడ్ చెల్లదంటూ క్లెయిమ్ తిరిగొచ్చింది

ఆరో అక్షరం అన్నిచోట్లా ఒకేలా పనిచేస్తుందనుకోవడమే కారణం. సర్జికల్ నెక్ (ట్యూబరాసిటీల కింది సన్నని భాగం; ఎస్42.21, ఎస్42.22), గ్రేటర్ ట్యూబరాసిటీ (ఎముక తల పక్కన పెద్ద బుడిపె; ఎస్42.25), లెసర్ ట్యూబరాసిటీ (చిన్న బుడిపె; ఎస్42.26), ఇతర ఫ్రాక్చర్ల ఎస్42.29 గ్రూపుల్లో 1, 2, 3 డిస్‌ప్లేస్డ్‌కు (ముక్క చోటు తప్పింది), 4, 5, 6 నాన్‌డిస్‌ప్లేస్డ్‌కు (తప్పలేదు). ప్రతి మూడింటిలో వరుస కుడి, ఎడమ, పక్క తెలియనిది. త్రీ-పార్ట్ (ఎస్42.23), ఫోర్-పార్ట్ (ఎస్42.24) గ్రూపుల్లో మాత్రం 1, 2, 9 (కుడి, ఎడమ, పక్క తెలియనిది) మాత్రమే; పార్టుల లెక్క కింద ఉంది. కాబట్టి ఎస్42.234ఏ అనే కోడ్ అసలు లేదు. టోరస్ ఫ్రాక్చర్ (ఎముక పూర్తిగా విరగకుండా ముడుచుకుని ఉబ్బడం; ఎస్42.27)లోనూ 1, 2, 9 మాత్రమే ఉంటాయి, పైగా దానికి ఓపెన్ ఫ్రాక్చర్‌ను (చర్మం చీలినది) చూపే ఏడో అక్షరం బీ లేదు.

అనాటమికల్ నెక్‌ని (ఎముక తలకు వెంటనే కింది భాగం) సర్జికల్ నెక్ కోడ్‌లో పెట్టకండి, అది ఎస్42.29లోకి వెళుతుంది. నోట్‌లో "ప్రాక్సిమల్ హ్యూమరస్ ఫ్రాక్చర్" అని మాత్రమే ఉంటే దొరికేది ఎస్42.20 ఒక్కటే.

సమస్య: త్రీ-పార్ట్ కోడ్‌కు ఆధారం లేదని ఆడిట్ చెప్పింది

కోడర్ ముక్కలు లెక్కపెట్టారు, డాక్టర్ లెక్క వేరు. పార్టుల లెక్క 1970లో చార్లెస్ నీర్ ప్రకటించిన వర్గీకరణది. ఎముక తల, రెండు ట్యూబరాసిటీలు, షాఫ్ట్ అనే నాలుగు భాగాల్లో ఏదైనా 1 సెంటీమీటరు కన్నా ఎక్కువ జరిగినా, 45 డిగ్రీల కన్నా ఎక్కువ తిరిగినా మాత్రమే దాన్ని విడి పార్ట్‌గా లెక్కిస్తారు. గీతలు ఎన్ని ఉన్నా ఏదీ జరగకపోతే అది వన్-పార్టే.

ఎక్స్‌రే రిపోర్టులో ఇలా ఉందనుకోండి: "కుడి సర్జికల్ నెక్, గ్రేటర్ ట్యూబరాసిటీల గుండా కమిన్యూటెడ్ (ముక్కలైన) ఫ్రాక్చర్, మినిమల్లీ (చాలా కొద్దిగా) డిస్‌ప్లేస్డ్." మూడు ముక్కలు కనిపిస్తున్నాయి కదా అని ఎస్42.231ఏ వేస్తే ఆడిట్‌లో నిలవదు. ఫ్రాక్చర్ ఉందని చికిత్స చేసిన డాక్టర్ రాసి ఉంటే, చోటు వివరం కోసం రేడియాలజీ రిపోర్టు చూడొచ్చు. పార్టుల సంఖ్య మాత్రం డాక్టర్ నోట్ నుంచే రావాలి.

జవాబును సూచించకుండా డాక్టర్‌కు క్వెరీ (రాతపూర్వక ప్రశ్న) పంపండి: "రిపోర్టులో సర్జికల్ నెక్, గ్రేటర్ ట్యూబరాసిటీ ప్రస్తావన ఉంది. మీ నిర్ధారణలో పార్టుల సంఖ్య, డిస్‌ప్లేస్‌మెంట్ స్థితి దయచేసి రాయండి: వన్, టూ, త్రీ, ఫోర్, ఇతరం, చెప్పలేం." "ఇది త్రీ-పార్టే కదా?" అని అడిగితే ఆ క్వెరీయే తప్పవుతుంది. డాక్టర్ త్రీ-పార్ట్ అని రాస్తే ఎస్42.23 ఒక్కటే సరిపోతుంది, ట్యూబరాసిటీకి విడిగా కోడ్ అక్కర్లేదు.

డిస్‌ప్లేస్డో కాదో నోట్ ఏమీ చెప్పకపోతే గైడ్‌లైన్ ప్రకారం డిస్‌ప్లేస్డ్, ఓపెనో క్లోజ్డో చెప్పకపోతే క్లోజ్డ్.

సమస్య: ఏడో అక్షరం తప్పు

ఏ అంటే మొదటిసారి రావడం అనుకుంటారు. అది చికిత్స ఇంకా జరుగుతోందని చెప్పే అక్షరం. ఎమర్జెన్సీలో స్లింగ్ వేసి పంపిన రోగికి వారం తర్వాత వేరే సర్జన్ ప్లేటు వేసినా ఏ. ఆపరేషన్ తర్వాత కుదురుతోందో లేదో చూడటానికి ఎక్స్‌రే తీస్తే డీ. ఆలస్యంగా కుదురుతుంటే జీ, కుదరకపోతే కే, వంకరగా కుదిరితే పీ. నాన్‌యూనియన్‌కు మళ్లీ ఆపరేషన్ చేసినా ఏ కాదు, కే. ఫ్రాక్చర్‌కైనా నాన్‌యూనియన్‌కైనా రోగి ఆలస్యంగా మొదటిసారి చికిత్సకు వచ్చి ఉంటే మాత్రం ఏ.

గాయం తర్వాతి సంరక్షణకు జడ్‌తో మొదలయ్యే ఆఫ్టర్‌కేర్ కోడ్లు వాడకూడదు. ఏడో అక్షరంగా ఎస్ (పాత గాయం మిగిల్చిన ఇబ్బంది) వాడితే రెండు కోడ్లు కావాలి: ముందు ఇప్పటి ఇబ్బంది, తర్వాత ఫ్రాక్చర్ కోడ్.

సమస్య: నిలబడి పడిపోయిన వృద్ధురాలికి ఎస్42 వేశారు

ఇది తరచూ జరుగుతుంది, రోగి రికార్డునే తప్పుదారి పట్టిస్తుంది. ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) ఉందని తెలిసి, ఆరోగ్యమైన ఎముకను విరగ్గొట్టనంత చిన్న పడిపాటుకే విరిగితే ఎం80 వాడాలి. వయసు వల్ల వచ్చినదైతే కుడి హ్యూమరస్‌కు ఎం80.021ఏ, ఎడమకు ఎం80.022ఏ. కారు ప్రమాదం లాంటి పెద్ద దెబ్బయితే ఎస్42 సరైనదే. ఎలా పడ్డారో నోట్‌లో లేకపోతే అడగండి.

పిల్లల్లో ఎదుగుదల ప్లేటు విరిగితే ఎస్42.2 కాదు, ఎస్49.0. సాల్టర్-హ్యారిస్ టైప్ (ఆ ప్లేటు ఎలా విరిగిందో చెప్పే వర్గం) తప్పక రాయించండి.

సమస్య: ప్రొసీజర్ కోడ్, నోట్ కలవలేదు

సర్జికల్ లేదా అనాటమికల్ నెక్‌కు సీపీటీ (ప్రొసీజర్ కోడ్ల జాబితా) 23600 అంటే మానిప్యులేషన్ (ఎముకను చేతితో సర్దడం) లేని క్లోజ్డ్ చికిత్స (కోత లేకుండా), 23605 అంటే మానిప్యులేషన్‌తో. "స్లింగ్ వేశాం" అని రాసి 23605 బిల్ చేస్తే నిలవదు. ఎముకను ఎలా సర్దారో, తర్వాత తీసిన ఎక్స్‌రేలో ఏం కనిపించిందో నోట్‌లో ఉండాలి. ఓపెన్ చికిత్సకు (కోత పెట్టి చేసేది) 23615. ట్యూబరాసిటీ రిపేర్ అందులోనే ఉంది, కాబట్టి అదే ఫ్రాక్చర్‌కు 23630 కలపొద్దు. ప్రోస్థెసిస్ (కృత్రిమ భాగం) పెడితే 23616.

భుజం కీలు కూడా తప్పి ఉంటే చికిత్స కోడ్ మారుతుంది: మానిప్యులేషన్‌తో క్లోజ్డ్ చికిత్సకు గ్రేటర్ ట్యూబరాసిటీతో అయితే 23665, నెక్‌తో అయితే 23675. డయాగ్నసిస్‌లో మాత్రం ఫ్రాక్చర్ కోడ్ ఒక్కటే. కీలు తప్పడం, ఎముక విరగడం కలిసి ఉంటే ఐసీడీ ఇండెక్స్ (కోడ్ల సూచిక) ఫ్రాక్చర్ వైపే పంపుతుంది.