ముందున్నా భద్రం లేని హ్యాండ్: నో-లిమిట్ హోల్డెమ్ పోకర్‌లో ఓవర్‌పెయిర్‌ను ఎలా ఆడాలి

మీ చేతిలో కళావరు తొమ్మిది, డైమన్ తొమ్మిది. ఫ్లాప్‌లో, అంటే అందరికీ ఉమ్మడిగా తెరిచే మొదటి మూడు ముక్కల్లో, ఇస్పేటు ఎనిమిది, ఇస్పేటు ఏడు, డైమన్ మూడు పడ్డాయి. మీ జత వాటన్నిటికంటే పెద్దది, దీన్నే ఓవర్‌పెయిర్ అంటారు. ఈ క్షణాన చాలామటుకు మీరే ముందున్నారు. అయితే ఇంకా రెండు ముక్కలు రావాలి, రాగల ముక్కల్లో ఎక్కువ భాగం మీకు పనికొచ్చేవి కావు. బెట్ ఎంత, ఎన్ని రౌండ్లు, ఎప్పుడు ఆగాలి అన్నవన్నీ ఈ ఒక్క విషయం నుంచే తేల్చుకోవాలి.

లెక్క కోసం బ్లైండ్స్ (ఇద్దరు ముందే తప్పనిసరిగా పెట్టే బెట్లు) 5/10 అనీ, అందరి దగ్గరా 1000 చిప్స్ ఉన్నాయనీ అనుకుందాం. (ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం నిషేధం. 2025లో కేంద్రం కూడా దేశమంతటికీ చట్టం తెచ్చింది. అందుకే ఇక్కడ అంతా చిప్స్‌లోనే.) బటన్ మీద (ఫ్లాప్ నుంచి ప్రతి రౌండ్‌లో చివరగా ఆడే చోట) కూర్చున్న మీరు 30కి రైజ్ చేశారు (బెట్ పెంచారు), బిగ్ బ్లైండ్ (10 పెట్టినవాడు) ఒక్కడే కాల్ చేశాడు, అంటే అంతే పెట్టి ఆటలో ఉన్నాడు. పాట్ (మధ్యలో చేరిన మొత్తం చిప్స్) 65, ఒక్కొక్కరి దగ్గర మిగిలింది 970.

ముందు చెడ్డ ముక్కలు లెక్కపెట్టండి. మీకు కనబడనివి 47. పది నుంచి ఆసు దాకా ఐదు ర్యాంకులు, 20 ముక్కలు, ప్రతిదీ మీ జత కంటే పెద్దదే. ఫ్లాప్‌లో రెండు ఇస్పేట్లు ఉన్నాయి కాబట్టి ఇంకో ఇస్పేటు పడితే ఎదుటివాడికి ఫ్లష్ (ఒకే రంగు ఐదు ముక్కలు) కావచ్చు; పై 20లో లేని ఇస్పేట్లు ఇంకో ఆరు. మొత్తం 47లో 26, అంటే సగానికి పైనే. వీటిలో ఇస్పేటు తొమ్మిది మీకు సెట్ (చేతిలోని జతతో కలిసి మూడు ఒకే ర్యాంకు ముక్కలు) ఇస్తుంది, కానీ ఎదుటివాడి ఫ్లష్‌ను కూడా పూర్తి చేస్తుంది. స్ట్రెయిట్ (వరుసగా ఐదు ముక్కలు) తెచ్చే ఆరు, ఐదు, నాలుగు ఇంకా ఈ లెక్కలోకి రాలేదు. ఇదే మీ చేతిలో ఆసు-రాజు ఉండి, ఫ్లాప్ మూడు వేర్వేరు రంగుల్లో రాజు-ఏడు-రెండు అయితే భయపడాల్సిన ముక్క దాదాపు లేదు. అక్కడ 20 బెట్ చాలు, ఒక రౌండ్ చెక్ చేసినా (బెట్ వేయకుండా ఊరుకున్నా) పెద్దగా పోయేదేమీ లేదు. ఈ రెంటినీ ఒకే సైజుతో ఆడేవాళ్ళు రెండో దాంట్లో సంపాదించింది మొదటి దాంట్లో పోగొట్టుకుంటారు.

తొమ్మిదులతో ఫ్లాప్‌లో తప్పకుండా బెట్ చేయండి. ఎంత అన్నది ఎదుటివాడికి వచ్చే ధరను బట్టి ఉంటుంది. ఇస్పేటు ఫ్లష్ డ్రాకు (ఇంకో ఇస్పేటు పడితే ఫ్లష్ అయ్యే హ్యాండ్‌కు) తొమ్మిది ఔట్లు (పనికొచ్చే ముక్కలు), తర్వాతి ఒక్క ముక్కలో తగిలే అవకాశం సుమారు 20 శాతం. మీరు 20 వేస్తే అతను, తన 20 కూడా కలిపి, 105 పాట్ కోసం 20 పెడుతున్నాడు, అతనికి కావలసింది 19 శాతమే. సరిగ్గా అతనికి కావలసిన ధరను మీరే చేతిలో పెట్టినట్టు. 45 వేస్తే 155కి 45, అంటే 29 శాతం కావాలి. అప్పుడు కాల్ చేసిన ప్రతిసారీ అతను ఎక్కువ ధర కడుతున్నాడు.

డ్రా ఏమీ లేని ఆసు-రాణి సంగతి చూడండి. దానికి ఆరు ఔట్లు, రివర్ (చివరి, ఐదో ఉమ్మడి ముక్క) దాకా ఊరికే చూడనిస్తే 25 శాతం గెలుస్తుంది. చెక్ చేసుకుంటూ పోవడమంటే 65 పాట్‌లో 16 చిప్స్ అతనికి వదిలేయడం. 45 బెట్‌కు అతను ఫోల్డ్ అయితే (ముక్కలు వదిలేస్తే) ఆ 16 మీవే. ‘అందరూ ఫోల్డ్ అయ్యారు, ఏమీ రాలేదు’ అని బాధపడేవాళ్ళు ఈ 16ను లెక్కలోకి తీసుకోరు.

అలాగని 130 వేస్తే? ఎనిమిదితో జత ఉన్నవాడు, ఏడుతో జత ఉన్నవాడు, చేతిలో ఆరుల జత ఉన్నవాడు వెళ్ళిపోతారు. మీకు డబ్బు ఇచ్చేది వాళ్ళే. మిగిలేది సెట్లు, రెండు జతలు, పెద్ద డ్రాలు. ఇస్పేటు పది-తొమ్మిది పట్టుకున్నవాడికి ఫ్లష్, స్ట్రెయిట్, పదుల జత కలిపి 18 ఔట్లు. రెండు ముక్కలు రావాల్సి ఉండగా గెలిచే అవకాశం అతనికే ఎక్కువ. కాపాడుకోవాలన్న తొందరలో పెద్ద బెట్ వేస్తే ఓడించగలిగే హ్యాండ్లను మీరే తరిమేసుకున్నట్టు.

అతను మీ 45ను 150కి రైజ్ చేశాడనుకోండి. 365 కోసం 105 పెట్టాలి, మళ్ళీ 29 శాతమే. ధర ఒక్కటే చూస్తే కాల్ బాగానే ఉంటుంది. ఎనిమిది, ఏడు, మూడు సెట్లు కలిపి తొమ్మిది రకాల కాంబినేషన్లే, డ్రాలు అంతకంటే ఎక్కువ. డ్రాలతో కూడా రైజ్ చేసేవాడైతే కాల్ చేసి టర్న్ (నాలుగో ఉమ్మడి ముక్క) చూడండి. గంటల తరబడి కాల్ మాత్రమే చేస్తూ వచ్చిన మనిషి ఉన్నట్టుండి రైజ్ చేస్తే అది సెట్టో రెండు జతలో, వదిలేయండి. టర్న్‌లో అతని నుంచి ఇంకో 250 బెట్ వస్తే ఎలాగూ వదిలేస్తానని మీకే తెలిస్తే, ఇప్పుడు ఆ 105 పెట్టకండి. రమ్మీలో మొదట్లోనే తప్పుకుంటే (ఫస్ట్ డ్రాప్) 20 పాయింట్లు, మధ్యలో తప్పుకుంటే (మిడిల్ డ్రాప్) 40 పోతాయని తెలిసినవాళ్ళకు ఈ లెక్క కొత్త కాదు. రీ-రైజ్ మాత్రం వద్దు. దానికి కాల్ చేసేవి మిమ్మల్ని ఓడించేవీ, మీతో సమానంగా ఉన్న డ్రాలూ మాత్రమే.

ఇదంతా 970 చిప్స్ మిగిలి ఉన్నప్పటి మాట. స్టాక్ (మీ దగ్గర మిగిలిన చిప్స్) పాట్‌కు దాదాపు 15 రెట్లు ఉన్నప్పుడు ఒక్క జతతో మొత్తం స్టాక్ పెట్టడం దండగ. అదే ఇద్దరూ 300తో మొదలుపెట్టి ఉంటే మిగిలేది 270, పాట్‌కు నాలుగు రెట్లే. అప్పుడు 45 బెట్, కాల్ వస్తే పాట్ 155, మీ దగ్గర 225. మంచి టర్న్ పడితే ఆల్-ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ పెట్టడం), ఫ్లాప్‌లోనే అతను ఆల్-ఇన్ అంటే కాల్. ఆట మొదలవ్వకముందే ఎదుటివాడి చిప్స్ లెక్కపెట్టుకోమనేది ఇందుకే.

1000 స్టాక్‌తో అతను మీ 45కు కాల్ చేశాడు, పాట్ 155. టర్న్‌లో ఇస్పేటు కాని రెండో మూడో పడితే మళ్ళీ 100 దాకా వేయండి. డ్రాలు ఇంకా డ్రాలే, వాటికి ఇక ఒక్క ముక్కే మిగిలింది. టర్న్ ఇస్పేటు అయినా, ఆరు అయినా, రాజో ఆసో అయినా చెక్ చేయండి. బటన్ మీద ఉండటం వల్ల ఆ చెక్‌తో రివర్ ఉచితంగా చూస్తారు. అతను రివర్‌లో సగం పాట్ లోపు బెట్ చేస్తే, నాలుగో ఇస్పేటు లాంటిది పడకపోతే, కాల్ చేయవచ్చు. పాట్ అంత వేస్తే ఫోల్డ్.

మీరు బిగ్ బ్లైండ్‌లో ఉంటే ఈ సౌకర్యం ఉండదు. చెక్ చేసి, అతను 40 వేస్తే కాల్ చేయడం మామూలు దారి. ఎప్పుడూ ఊరికే బెట్ వేసేవాడి మీద 130కి చెక్-రైజ్ (ముందు చెక్ చేసి, అతను బెట్ వేశాక రైజ్) కూడా మంచిదే. ఆసు-రాణులు అక్కడే పోతాయి. ముగ్గురు నలుగురు ఉన్న పాట్‌లో మాత్రం ఫ్లాప్‌లో ఒక్క బెట్, ఎవరైనా రైజ్ చేస్తే ఫోల్డ్, అంతకు మించి పోకండి.

డ్రాలేవీ తగలని రివర్‌లో చాలామంది ఊరికే చెక్ చేస్తారు. ఫ్లాప్, టర్న్ రెండూ కాల్ చేసినవాడి దగ్గర ఎనిమిదితో జత ఉండే అవకాశం ఎక్కువ. 355 పాట్‌లో 110 వేస్తే అతను చూడటానికి కాల్ చేస్తాడు, 300 వేస్తే చేయడు.

చివరగా మీ తొమ్మిదుల రంగు చూసుకోండి. కళావరు బదులు ఇస్పేటు తొమ్మిది మీ దగ్గరే ఉంటే ఆ 18 ఔట్ల పది-తొమ్మిది ఎదుటివాడి చేతిలో ఉండే ప్రసక్తే లేదు. టర్న్‌లో ఇస్పేటు పడితే మీకూ తొమ్మిది పెద్దగా ఒక ఫ్లష్ డ్రా ఉంటుంది. అప్పుడు సగం పాట్ బెట్‌కు కాల్ చేయవచ్చు. కళావరు, డైమన్ తొమ్మిదులతో అదే బెట్ వస్తే వదిలేయడమే మంచిది.